పేగుల్లోని బ్యాక్టీరియా, తలలోని మెదడు: ఆరు వారాల్లో ఇంట్లోనే చేసి చూసుకునే పద్ధతి

లివర్ సిరోసిస్ ముదిరిన మనిషి పగలంతా మగతగా పడి ఉంటాడు, రాత్రంతా మేలుకుంటాడు. ఇంట్లోవాళ్ల పేర్లు చెప్పడానికి తడబడతాడు. చేతులు ముందుకు చాచమంటే అరచేతులు రెక్కల్లా కొట్టుకుంటాయి. అప్పుడు డాక్టర్లు ముందుగా రాసేది మెదడు మందు కాదు, విరేచనం సాఫీగా చేసే లాక్టులోజ్ సిరప్. పెద్దపేగులో బ్యాక్టీరియా మాంసకృత్తుల్నీ యూరియానీ విరగ్గొట్టి అమోనియా వదులుతాయి. దాన్ని శుభ్రం చేయాల్సిన లివర్ చేతులెత్తేస్తే అది రక్తంలో కలిసి మెదడుకి చేరుతుంది. సిరప్ పేగులో పులిసి ఆమ్లం పెంచుతుంది. అమోనియా అక్కడే చిక్కుకుని మలంతో బయటికి పోతుంది. చాలామంది ఒకటి రెండు రోజుల్లోనే తేరుకుంటారు. పేగు బ్యాక్టీరియాకీ మెదడుకీ సంబంధం ఉందా అని అడిగేవాళ్లకి చూపించడానికి ఇంతకన్నా గట్టి ఉదాహరణ లేదు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఆ సంబంధం ఇంత నాటకీయంగా ఉండదు. చిరాకు, ఆందోళన, నిద్ర, కడుపు ఉబ్బరం, ఇవన్నీ ఒకదాన్నొకటి నెమ్మదిగా లాగుతుంటాయి. అందుకే ఒక్క రోజు ఏదో తిని ఫలితం చూడలేం. కింద చెప్పేది ఆరు వారాల పని. ఒక నోటుబుక్కు, వంటింటి తూకం, కొంచెం ఓపిక కావాలి. మాత్రలు, పొడులు, పరీక్షలు ముందే కొనాల్సిన పని లేదు.

కబురు ఏ దారుల్లో వెళ్తుంది

మొదటిది నరాల దారి. మెదడు కింది నుంచి కడుపు దాకా దిగే వేగస్ నరంలో దాదాపు 80 శాతం పోగులు కింది నుంచి పైకే కబురు మోస్తాయి. అంటే మెదడు పేగుకి చెప్పేదానికన్నా పేగు మెదడుకి చెప్పేదే ఎక్కువ.

రెండోది రసాయనాల దారి. మనం అరిగించుకోలేని పీచు పెద్దపేగుకి చేరితే బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియొనేట్, బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలు తయారుచేస్తాయి. వీటిలో బ్యూటిరేట్ పెద్దపేగు లోపలి పొర కణాలకి ముఖ్యమైన ఇంధనం. అది అందితే పొర బిగుతుగా ఉంటుంది.

ఆ పొర వదులైతే మూడో దారి తెరుచుకుంటుంది. బ్యాక్టీరియా ముక్కలు రక్తంలోకి జారి రోగనిరోధక కణాల్ని రెచ్చగొడతాయి. జ్వరం వచ్చినప్పుడు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, అన్నం సహించదు, మంచం దిగాలనిపించదు. అది శరీరంలో వాపు (ఇన్‌ఫ్లమేషన్) పుట్టించే రసాయనాలు మెదడు మీద చేసే పని. అదే వాపు జ్వరం లేకుండా, చిన్న మంట మీద, నెలల తరబడి సాగితే మనసు మందగించడానికి అదీ ఒక కారణం కావచ్చు.

సెరటోనిన్ గురించి ఒక మాట. శరీరంలోని సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగులోనే తయారవుతుంది, నిజమే. దాన్ని పట్టుకుని "పెరుగు తింటే సంతోషం" అని రాసేవాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. పేగులో తయారైన సెరటోనిన్ రక్తం నుంచి మెదడులోకి దాటలేదు. అది పేగు కదలికల్ని నడుపుతుంది, వేగస్ నరాన్ని తడుతుంది. మెదడు తనకి కావాల్సినది తనే తయారుచేసుకుంటుంది.

ఇంకో జాగ్రత్త. 2011లో ఐర్లండ్‌లోని కార్క్ పరిశోధకులు ఒక రకం లాక్టోబాసిల్లస్ ఇస్తే ఎలుకల్లో ఆందోళన తగ్గిందని చూపించారు. వేగస్ నరం కోసేస్తే ఆ ఫలితం మాయమైంది. కొన్నేళ్లకి అదే బ్యాక్టీరియాని ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లకి ఇచ్చి చూస్తే చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. ఈ రంగంలో వార్త చదివినప్పుడల్లా అది ఎలుకల మీదా మనుషుల మీదా అని మొదట చూడండి. సగం ఆశలు అక్కడే ఆవిరైపోతాయి.

మొదటి వారం: ఏమీ మార్చకండి, రాయండి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. సోమవారం నుంచి పెరుగు, అవిసె గింజలు, నడక, క్యాప్సూల్ అన్నీ ఒకేసారి మొదలుపెడతారు. గురువారానికి కడుపు ఉబ్బుతుంది. దేనివల్లో తెలియక అన్నీ మానేస్తారు.

ఏడు రోజులు మామూలుగా తింటూ రోజూ ఆరు సంగతులు రాయండి: విరేచనం ఎన్నిసార్లు, ఎలా ఉంది, ఉబ్బరం 0 నుంచి 10లో ఎంత, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు, మనసు 0 నుంచి 10లో ఎలా ఉంది, ఏం తిన్నారు. విరేచనానికి బ్రిస్టల్ కొలమానం వాడండి. 1 అంటే మేకపెంటికల్లా గట్టి ఉండలు, 3 పగుళ్లున్న కడ్డీ, 4 నున్నటి మెత్తటి కడ్డీ, 7 పూర్తిగా నీళ్లు. 3, 4 దగ్గరుంటే బాగున్నట్టు.

ఈ వారంలోనే ఒక పూట మొక్కజొన్న కంకి తిని టైము రాసుకోండి. గింజల పొట్టు అరగదు కాబట్టి అది ఎప్పుడు కనిపించిందో చూస్తే తిండి ప్రయాణానికి ఎంత సేపు పట్టిందో తెలుస్తుంది. ఒక రోజు, ఒకటిన్నర రోజు మామూలే. మూడు రోజులు దాటితే పీచు అయిపోయాక బ్యాక్టీరియా మాంసకృత్తుల మీద పడతాయి. గ్యాసు వాసన మారేది అందుకే. ఈ పరీక్షకి మూడు నాలుగు రోజుల ముందు నుంచి మొక్కజొన్న తినకూడదు, లేకపోతే లెక్క తప్పుతుంది.

తర్వాత పీచు లెక్క కట్టండి. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాములకి లోపే. కందిపప్పులో 9, రాగుల్లో 11, జొన్నల్లో 10, పొట్టు పెసల్లో 17, పొట్టు శనగల్లో 25, జామకాయలో 8కి పైనే. ఇవన్నీ వండకముందు తూకాలు, జామకాయ పచ్చిది. రోజుకి పావు కిలో బియ్యం, 40 గ్రాముల కందిపప్పు, గుప్పెడు కూరతో గడిపే ఇంట్లో మొత్తం 15 గ్రాములు దాటడం కష్టం. మనం చేరాల్సింది 30 దగ్గరికి. ఆ తేడాయే పెద్దపేగులో బ్యాక్టీరియాకి పడుతున్న పస్తు.

రెండు, మూడు వారాలు: పీచు, కొద్దికొద్దిగా మాత్రమే

ఒక్కసారిగా 15 నుంచి 30కి దూకితే గ్యాసు తప్పదు. పులియబెట్టే బ్యాక్టీరియా సంఖ్య పెరగడానికి టైము పడుతుంది.

రెండో వారంలో రోజుకి ఒక్క మార్పు చాలు. రాత్రి అన్నం తీసేసి 50 నుంచి 60 గ్రాముల జొన్నపిండితో రెండు రొట్టెలు, లేదా అంతే రాగిపిండి కలిపిన సంగటి. మూడో వారంలో దానికి తోడు సాయంత్రం 20 గ్రాముల పొట్టు శనగలు లేదా 30 గ్రాముల అలసందలు నానబెట్టి గుగ్గిళ్లు, ఇంకో మూడు రోజులయ్యాక ఒక జామకాయ. గింజలు నమలడం ఇబ్బందైతే కొరికి తినే దోరకాయ కాకుండా పండినది తీసుకోండి. కూరల్లో గోరుచిక్కుడు, బెండ, తోటకూర, మునగాకు మార్చి మార్చి వండండి. ఒకే పీచు రోజూ ఇస్తే దాన్ని తినే జాతులే పెరుగుతాయి, మిగతావి చిక్కిపోతాయి. మన పోషకాహార సంస్థ 2,000 కేలరీల తిండికి రోజుకి 400 గ్రాముల కూరలు, ఆకుకూరలు కలిపి తినమంటుంది. తూచి చూస్తే అదెంత పెద్ద గిన్నెడో తెలుస్తుంది.

శనగలు, అలసందలు 8 నుంచి 12 గంటలు నానాలి. నానిన నీళ్లు పారబోసి కొత్త నీళ్లతో ఉడికించండి. గ్యాసు పుట్టించే రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు కొంత ఆ నీళ్లతో పోతాయి. కొంతే పోతాయి. మిగిలినవి బ్యాక్టీరియా తిండే, కాబట్టి పూర్తిగా పోవాలని కోరుకోకండి.

పీచు పెంచి నీళ్లు పెంచకపోతే మలబద్ధకం ఇంకా బిగుస్తుంది. రోజుకి రెండు గ్లాసులు ఎక్కువ తాగండి. ఇసబ్గోల్ వాడేవాళ్లు చెంచాడుతో మొదలుపెట్టి నిండు గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగాలి. కలిపి పక్కన పెడితే జెల్లీలా గడ్డకడుతుంది. పొడిగా నోట్లో వేసుకుంటే గొంతులో ఇరుక్కునే ప్రమాదం ఉంది. వేరే మందులకీ దీనికీ రెండు గంటలు ఎడం పెట్టండి.

ఉబ్బరం 10లో 6 దాటి మూడు రోజులు ఉంటే వెనక్కి పోవద్దు, ముందుకీ పోవద్దు. అదే మోతాదులో ఇంకో వారం ఆగండి. అప్పటికీ తగ్గకపోతే, అందులోనూ విరేచనంతో పాటు కడుపునొప్పి వస్తూ పోతూ ఉంటే, అది ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, పేగు పనితీరు గాడి తప్పే సమస్య) కావచ్చు. ఐబీఎస్ ఉన్నవాళ్లకి ఉల్లి, వెల్లుల్లి, శనగలు, గోధుమ, పాలు, మామిడి లాంటివి తాత్కాలికంగా తగ్గించే పద్ధతి ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం రూపొందించింది. అది రెండు నుంచి ఆరు వారాలకే. తర్వాత ఒక్కొక్కటీ తిరిగి తెచ్చి ఏది పడటం లేదో తేల్చుకోవాలి. ఏళ్ల తరబడి మానేస్తే మంచి బిఫిడోబ్యాక్టీరియా కూడా తగ్గిపోతాయి. ఇది డైటీషియన్ సాయంతో చేసుకోవడం మంచిది.

నాలుగో వారం: పులిసినవి

2021లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 36 మంది మీద ఒక ప్రయోగం ప్రచురించింది. పది వారాలు పులిసిన ఆహారం బాగా పెంచినవాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, రక్తంలో వాపు సూచించే 19 ప్రొటీన్లు తగ్గాయి. పీచు మాత్రమే పెంచినవాళ్లలో రకాలు పెరగలేదు. అందుకని రెండూ కావాలి. ఒకటి కూలీలు, ఇంకోటి కూడు అనుకోండి.

మన వంటింట్లో ఏది లెక్కలోకి వస్తుందో తేల్చుకుందాం. ఇడ్లీ పిండిలో బ్యాక్టీరియా బోలెడు, కానీ ఆవిరికి చచ్చిపోతాయి. ఇడ్లీ తేలిగ్గా అరుగుతుంది, అంతవరకే. మజ్జిగ పులుసు మరిగింది కాబట్టి అదీ అంతే. ఆవకాయలో ఉప్పు, కారం, నూనె, ఆవపిండి కలిసి బ్యాక్టీరియాని అణిచిపెడతాయి. ఏడాది నిలవుండేది అందుకే. అది రుచి కోసం, బ్యాక్టీరియా కోసం కాదు. మిగిలినవి పెరుగు, మజ్జిగ, చద్దన్నం. ఇవి చాలు.

పెరుగుకి అర లీటరు పాలు పొంగనిచ్చి, వేలు పెడితే గోరువెచ్చగా, అంటే 40 డిగ్రీల పైచిలుకు, తగిలేదాకా చల్లార్చండి. చెంచాడు తోడు వేసి కలిపి కదపకుండా ఉంచండి. ఎండాకాలం 5, 6 గంటలు, చలికాలం 8 నుంచి 10. పాలు చురుక్కుమనేంత వేడిగా ఉంటే తోడులోని బ్యాక్టీరియా చస్తుంది, పెరుగు తోడుకోదు. తీగలు సాగుతుంటే, రంగు మచ్చలు కనిపిస్తే తోడు మార్చండి. రోజుకి 150 నుంచి 200 గ్రాములు సరిపోతుంది. ఇందులోని బ్యాక్టీరియా పేగులో కాపురం పెట్టవు, దారినపోతూ పనిచేసి వెళ్లిపోతాయి. వారానికోసారి గిన్నెడు తినడం కన్నా రోజూ కప్పు తినడం మేలు.

చద్దన్నం విషయంలో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే ప్రమాదం కూడా ఉంది. బియ్యంలో బాసిల్లస్ సిరియస్ అనే బ్యాక్టీరియా బీజాలుంటాయి. ఉడికించినా అవి చావవు. వండిన అన్నం గిన్నెలోనే వెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలిచి వాంతులు తెప్పించే విషం వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. దాన్ని గెలవాలంటే పులుపు పుట్టించే బ్యాక్టీరియాని ముందుగా ఎక్కించాలి. ఇలా చేయండి: అన్నం వండిన గంటలోపే పళ్లెంలో పరిచి చల్లార్చండి. ఒక కప్పు అన్నానికి రెండు కప్పుల కాచి చల్లార్చిన నీళ్లు పోయండి, అన్నం పూర్తిగా మునగాలి. రెండు పెద్ద చెంచాల తాజా మజ్జిగ కలపండి, పులుపు తొందరగా ఎక్కడానికి ఇదే కీలకం. మట్టికుండలోనో స్టీలు గిన్నెలోనో మూత వదులుగా పెట్టండి. మే నెల విజయవాడలో 6 నుంచి 8 గంటలు చాలు. డిసెంబరు ఆదిలాబాద్‌లో 12 పట్టొచ్చు. పొద్దున హాయైన పులుపు వాసన రావాలి. జిగట, కుళ్లు వాసన, పైన రంగు తెట్టె ఉంటే రుచి కూడా చూడకండి, పారబోయండి. నీళ్లు ఒంపేయకుండా ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిర్చితో కలిపి తినండి. సాయంత్రానికి దాచొద్దు.

చల్లారిన అన్నంలో పిండిపదార్థం కొంత గట్టిపడి అరగకుండా పెద్దపేగు దాకా వెళ్తుంది. అదీ బ్యాక్టీరియా తిండే. అయితే ఆ పెంపు చిన్నది. షుగరు ఉన్నవాళ్లు చద్దన్నం కాబట్టి పరవాలేదనుకోకుండా, తిన్న రెండు గంటలకి గ్లూకోమీటరుతో చూసుకుని మోతాదు తేల్చుకోండి. కీమోథెరపీలో ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు ఇంట్లో పులియబెట్టినవి డాక్టరుని అడగకుండా తినకూడదు.

ఐదో వారం: పై నుంచి కిందికి వచ్చే కబురు

భయం, హడావిడి పేగు కదలికల్ని మారుస్తాయి, పొరని వదులు చేస్తాయి. తిండి ఎంత సరిచేసినా ఈ వైపు వదిలేస్తే పని సగమే. భోజనానికి ముందు ఐదు నిమిషాలు కూర్చుని నిమిషానికి ఆరు శ్వాసల చొప్పున తీసుకోండి: నాలుగు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి. బయటికి వదలడం పొడుగ్గా ఉన్నప్పుడు వేగస్ నరం పని పెరుగుతుంది. తల తిరిగినట్టుంటే మరీ లోతుగా లాగుతున్నారని అర్థం, తగ్గించండి.

రాత్రి భోజనానికీ పొద్దున టిఫినుకీ మధ్య 11, 12 గంటలు వదలండి. ఇన్సులిన్, షుగరు మాత్రలు వాడేవాళ్లు డాక్టరుతో మాట్లాడాకే. వారానికి 150 నిమిషాలు చురుకైన నడక కూడా ఈ వారం నుంచే. అమెరికాలోని ఇలినాయ్ పరిశోధకులు 2018లో చూసిందేమిటంటే, తిండి మార్చకుండా ఆరు వారాలు వ్యాయామం చేసినవాళ్లలో, ముఖ్యంగా సన్నగా ఉన్నవాళ్లలో, బ్యూటిరేట్ తయారుచేసే బ్యాక్టీరియా పెరిగాయి. మానేశాక మళ్లీ మామూలయ్యాయి.

మందుల సంగతి

జలుబుకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే యాంటీబయాటిక్ ఈ ఆరు వారాల పనిని మూడు రోజుల్లో చెడగొడుతుంది. వైరస్ మీద అది పనిచేయదు కూడా. డాక్టరు రాస్తే మాత్రం కోర్సు చెప్పినట్టే వాడండి. విరేచనాలు పట్టుకుంటే సాక్రోమైసిస్ బౌలార్డి అనే ఈస్టు వాడతారు. అది బ్యాక్టీరియా కాదు కాబట్టి యాంటీబయాటిక్‌కి చావదు. బ్యాక్టీరియా ఉన్న క్యాప్సూల్ అయితే యాంటీబయాటిక్‌కి రెండు గంటలు ఎడం ఉండాలి. ఐసీయూలో ఉన్నవాళ్లకి, పెద్ద సిరలో గొట్టం ఉన్నవాళ్లకి ఇవి ఇవ్వకూడదు.

పొద్దున్నే పరగడుపున పాంటాప్రజోల్ అనే ఎసిడిటీ మాత్ర ఏళ్లుగా మింగేవాళ్లు చాలామంది. కడుపులో ఆమ్లం తగ్గితే నోటి బ్యాక్టీరియా కిందికి దిగుతాయి. దాన్ని ఒక్కసారి ఆపితే ఆమ్లం ఎగదన్నుతుంది. మోతాదు తగ్గిస్తూ ఎలా ఆపాలో డాక్టరుని అడగండి.

ప్రొబయాటిక్ (మేలు చేసే సజీవ బ్యాక్టీరియా ఉన్న మందు) కొనాలనుకుంటే డబ్బా మీద జాతి పేరు తర్వాత అక్షరాలు, అంకెలతో రకం గుర్తు ఉందా, రోజు మోతాదులో కనీసం 10 కోట్ల సజీవ కణాలున్నాయని రాసిందా, గడువు తేదీ ఎంత, ఫ్రిజ్‌లో ఉంచాలా చూడండి. ఒకే జాతిలో ఒక రకం పనిచేసిందని ఇంకోటి చేయాలని లేదు. నాలుగు వారాల్లో నోటుబుక్కులో తేడా లేకపోతే ఆపేయండి. మలం పంపితే "మీ పేగు స్కోరు" చెప్పే పరీక్షలకి డబ్బు పెట్టొద్దు. ఆరోగ్యకరమైన బ్యాక్టీరియా పట్టిక ఇదీ అని వైద్యులు ఒప్పుకున్న కొలత ఇంకా లేదు.

సిరోసిస్ ఉన్న మనిషి ఇంట్లో ఉంటే: విరేచనాలవుతున్నాయని లాక్టులోజ్ ఆపకండి. రోజుకి రెండు మూడు మెత్తటి విరేచనాలు కావడమే దాని లక్ష్యం. నీళ్లలా అయితే మోతాదు తగ్గించమని అడగండి. పప్పు, గుడ్డు మాన్పించేయడం పాత పద్ధతి. మాంసకృత్తులు తగ్గితే కండ కరిగి పరిస్థితి ఇంకా దిగజారుతుంది.

నోటుబుక్కు పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సినవి

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే విరేచనాలు, రక్తహీనత, 45 దాటాక కొత్తగా మారిన విరేచనం. వీటికి పెరుగన్నంతో ప్రయోగాలు చేయొద్దు. ఏళ్లుగా మలబద్ధకం ఉండి, వాసన తెలియడం తగ్గి, నిద్రలో అరవడం, కాళ్లు చేతులు విసరడం కూడా తోడైతే న్యూరాలజిస్టుకి చూపించండి. పార్కిన్‌సన్స్‌లో వణుకు కన్నా చాలా ఏళ్ల ముందే ఇవి కనిపించవచ్చు. దిగులుకి మందు వాడుతున్నవాళ్లు కడుపు బాగుపడిందని మాత్రలు ఆపకూడదు. చనిపోవాలనే ఆలోచన వస్తే టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఆరో వారం: లెక్క చూసుకోండి

కొత్తగా ఏదీ కలపకండి. మొక్కజొన్న పరీక్ష మళ్లీ చేయండి, ముందు మూడు నాలుగు రోజులు మొక్కజొన్న మానేసి. మొదటి వారం అంకెల సగటు, ఈ వారం సగటు పక్కపక్కన రాయండి. మామూలుగా ముందు విరేచనం మారుతుంది, తర్వాత ఉబ్బరం, ఆ తర్వాత నిద్ర. మనసు అంకె అన్నిటికన్నా ఆలస్యం, కొందరిలో అసలు కదలదు. 2017లో ప్రచురించిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో ఓ మోస్తరు నుంచి తీవ్రమైన డిప్రెషన్ ఉన్న 67 మందిని రెండు గుంపులు చేశారు. తిండి మార్చుకున్నవాళ్లలో దాదాపు మూడో వంతు మంది 12 వారాల్లో తేరుకున్నారు, కబుర్లతో తోడుగా ఉన్నంతవరకే సాయం అందినవాళ్లలో 8 శాతం. వాళ్లలో చాలామంది వైద్యం కూడా కొనసాగించారు. మీ మనసు అంకె ఒకటి రెండు పెరిగితే ఇంకో ఆరు వారాలు ఇలాగే నడపండి. పెరగలేదంటే ఈసారి ఒక్కో మార్పునీ పది రోజులు తీసేసి చూడండి. ఏది తీసినప్పుడు విరేచనం అంకె 3, 4 నుంచి జారిందో అది ఉంచుకోండి, మిగతావి మీ ఇష్టం.